పిల్లికి పెట్టిన ముద్ద

పిల్లికైనా బిచ్చం పెట్టనివాడని లోభిని గురించి మన పెద్దలు అంటారు. ఆ సామెత వల్ల లోభి ఎటువంటివాడో తెలుస్తుంది గాని, పిల్లికి పెట్టవలసింది ఏమిటో తెలియదు. పెట్టే మనసు ఉంటే చాలు, పెట్టేది ఏదైనా ఒకటేనన్న నమ్మకం అందులో దాగి ఉంది. చాలాకాలం నేనూ ఆ నమ్మకంతోనే ఉన్నాను. పెట్టే చేతికి దయ ఉండటం వేరు, ఎరుక ఉండటం వేరు అని నాకు తెలియజెప్పింది మా ఇంట్లో పెరిగిన ఒక పిల్లి. ఆ సంగతి పూర్తిగా బోధపడటానికి నాలుగేళ్ళు పట్టింది.

పిల్లి అనగానే తెలుగువారికి తెనాలి రామకృష్ణుని పిల్లి గుర్తుకు వస్తుంది. ఎలుకల బెడద పెరిగినప్పుడు రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజే తన పిల్లి ముందు సలసల కాగే పాలు పెట్టాడట. మూతి కాలిన ఆ పిల్లి అటు తరువాత పాలగిన్నె కనబడితే చాలు పరుగు లంకించుకునేదట. ఆవుపాలన్నీ కవిగారి ఇంటిల్లిపాదికే దక్కాయట. చిన్ననాడు ఈ కథ విని కవి చాతుర్యానికి నవ్వుకున్నాము. ఇప్పుడు అదే కథలో నాకు మరి రెండు సంగతులు కనబడుతున్నాయి. పిల్లికి పాలే ఆహారమని రాజు మొదలు ప్రజల వరకు అందరూ నమ్మారన్నది ఒకటి. ఒక్కసారి బాధపెట్టిన తిండిని పిల్లి మరచిపోదన్నది రెండవది. మొదటిది పొరపాటు, రెండవది సత్యం. మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి.

నేను తెలుగు అధ్యాపకుడిని. 2015లో ఖమ్మం నుంచి భద్రాచలానికి బదిలీ మీద వచ్చాను. రాములవారి ఊరికి వెళుతున్నామని మా అమ్మ పొంగిపోయింది. మరుసటి ఏడు అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. కాగితాల మీద జిల్లా మారింది గాని దారి మారలేదు. కొత్తగూడెం దాటి పాల్వంచ మీదుగా వస్తుంటే, కిన్నెరసాని అభయారణ్యం ఉన్న సీమలో టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు రహదారికి దగ్గరగా జరుగుతూ, దూరమవుతూ కనబడతాయి. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కితే ఆవలి ఒడ్డున ఆలయ గోపురం దర్శనమిస్తుంది. మేము అద్దెకు దిగిన ఇల్లు ఊరి చివర లోతట్టున ఉండేది. పెరడు దాటితే పొలాలు, పొలాలు దాటితే తుప్పలు, ఆ తుప్పల వెనుక అడవి.

వానాకాలంలో వెదురు కొమ్ములు, వానలు వెనుకపట్టాక సీతాఫలాలు, వేసవిలో తునికిపండ్లు తెచ్చి అమ్మే కోయ ఆడపడుచు ఒకామె మా ఇంటికి వస్తుండేది. ఇంట్లో ఎలుకలు బియ్యపు బస్తాలు కొరుకుతున్నాయని అమ్మ ఆమెతో మొరపెట్టుకుంది. 2018 వానాకాలంలో ఒకనాడు ఆమె బుట్టలోని కొమ్ముల నడుమ నుంచి పిడికెడంత పిల్లికూనను తీసి అరుగు మీద పెట్టింది. బూడిదరంగు ఒంటి మీద నల్లని చారలు, నుదుట తెల్లని చుక్క. అమ్మ అప్పటికప్పుడే దానికి చుక్క అని పేరు పెట్టింది.

వెళ్ళబోతూ ఆ ఆడపడుచు గుమ్మం దగ్గర ఆగింది. "మీ ఇంట్ల నీసు ముట్టరు గదమ్మా, ఇది ఎట్ల బతుకుతదో ఏమో!" అంది.

"పాలకు కొదవా, పెరుగన్నానికి కొదవా? ముగ్గురు బిడ్డల్ని పెంచినదాన్ని, దీన్ని పెంచలేనా?" అని అమ్మ నవ్వింది.

ఆ నవ్వులో గర్వం కొంత ఉన్నా ప్రేమే ఎక్కువ. వేకువన ఆలయానికి వెళ్ళివచ్చి, కాఫీ అయినా తాగకముందే చుక్కకు పాలు పోసేది. మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం, రాత్రి పెరుగన్నం. పండుగనాడు చక్కెరపొంగలి కూడా పెట్టింది. చుక్క పాలను ఆశగా తాగేది. పప్పన్నంలో నెయ్యి మాత్రం నాకి మిగతాది వదిలేసేది. పొంగలిని వాసన చూసి ముందరికాలితో నేలను గీరి, దాన్ని పూడ్చిపెడుతున్నట్టు నటించి వెళ్ళిపోయేది. అమ్మకు చిన్నబోయినట్టయ్యేది. "దీనికి తిండి దగ్గర అన్నీ వంకలే" అనేది.

మూడు నెలలు గడిచేసరికి వంకలు కావు, రోగమే బయటపడింది. రోజు విడిచి రోజు విరేచనాలు. బొచ్చు కళ తప్పి రాలసాగింది. ఎదగవలసిన వయసులో ఎదుగుదల లేదు. గోడమీద బల్లిని, పెరట్లో మిడతను ఆబగా పట్టుకుని తినేది. పొరుగింటివారు చేపలు కడిగిన నీటి దగ్గర గంటల తరబడి కూర్చునేది. ఎవరి ఇంటి గడపో తొక్కి దెబ్బలు తిని వచ్చేది. పెట్టిన తిండి వదిలి దొంగతిండికి మరిగిందని అమ్మ కోప్పడింది. ఆ కోపం వెనుక దిగులు ఉంది.

చివరకు చుక్కను గంపలో పెట్టుకుని పశువైద్యుని దగ్గరకు వెళ్ళాను. నా ముందు రెండు గేదెలు, నాలుగు మేకలు ఉన్నాయి. ఆయన ఓపికమంతుడు. చుక్క పెదవి పైకెత్తి పళ్ళు చూపించారు.

"మాస్టారూ, ఈ నోట్లో నమిలే పన్ను ఒక్కటైనా ఉందా? అన్నీ చీల్చేవి, కోసేవే. కుక్క మనతో కలిసి అన్నానికి అలవాటు పడింది. పిల్లి మన ఇంటికి వచ్చింది గాని మన వంటకు రాలేదు" అన్నారు.

ఆనాడు ఆయన చెప్పిన మాటలు, తరువాత నేను చదివి తెలుసుకున్న విషయాలు కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇంటిపిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల మెరకనేలల్లో తిరిగే అడవిపిల్లులు. మనిషి ధాన్యం పండించి గాదెల్లో నింపాడు. గాదెలకు ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికింది. ఇన్ని వేల ఏళ్ళ సహవాసంలోనూ దాని జీర్ణకోశం మాంసాహారిగానే మిగిలింది. టారిన్ అనే పదార్థం పిల్లి శరీరంలో చాలినంతగా తయారు కాదు. అది మాంసం నుంచి, చేపల నుంచి రావలసిందే. అది లోపిస్తే పిల్లికి చూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడి ఉబ్బుతుందని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మనం క్యారెట్టు నుంచి, ఆకుకూర నుంచి ఎ విటమిను చేసుకోగలం. పిల్లికి ఆ నేర్పు లేదు. దానికి ఎ విటమిను తయారుగా ఉన్న రూపంలోనే అందాలి.

పాల సంగతి మరీ విచిత్రం. కూనగా ఉన్నప్పుడు తల్లిపాలలోని చక్కెరను జీర్ణం చేసుకునే శక్తి దానికి ఉంటుంది. పాలు మానే వయసు వచ్చాక ఆ శక్తి క్షీణిస్తుంది. పిల్లి పాలను ఇష్టపడటం నిజమే. అవి దానికి పడకపోవడమూ అంతే నిజం. ఇష్టమైనదీ హితమైనదీ ఒకటి కాదన్న మాట మనుషులకే కాదు, పిల్లులకూ వర్తిస్తుందన్నమాట. ఇక అమ్మ పెట్టిన చక్కెరపొంగలి. పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తించే జన్యువులలో ఒకటి పిల్లిజాతిలో చెడిపోయి ఉన్నదని 2005లో తేలింది. ప్రసాదాన్ని చుక్క అవమానించలేదు. అందులో తీపి ఉన్నదన్న సంగతే దానికి తెలియదు.

ఇదంతా ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో తరతరాలుగా గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. ఒకవైపు పుట్టినప్పటి నుంచి పాటించిన నియమం, మరొకవైపు ఒడిలో పెరిగిన ప్రాణం. ఆరాత్రి ఆమె భోజనం దగ్గర సరిగా కూర్చోలేదు. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అని నేను అడిగాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"దాని ధర్మం దానిది, మన ధర్మం మనది. దానికి నా ధర్మం నేర్పబోయి మూడు నెలలు ఉసురు పోసుకున్నాను. పెరట్లో వేరే పొయ్యి పెట్టు నాయనా. ఆ గిన్నె, ఆ గరిటె లోపలికి రానివ్వకు. నేను మాత్రం ముట్టలేను" అంది.

ఆ విధంగా పెరట్లో జామచెట్టు కింద ఒక పొయ్యి వెలిసింది. మాంసం కొట్టుకు మొదటిసారి వెళ్ళిననాడు నా విద్యార్థి ఒకడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఎముకలు లేకుండా నూరు గ్రాముల కోడిమాంసం అడిగితే, కొట్టు యజమాని నన్ను ఎగాదిగా చూశాడు. "మా పిల్లికి" అన్నాను. నా మాట అతడు గాని, నా విద్యార్థి గాని నమ్మినట్టు కనబడలేదు.

మొదట కోడిమాంసానికి బదులు గోదావరి చేపలే ఎక్కువగా పెట్టాను. అవి చౌక, చుక్కకు ప్రీతి. విరేచనాలు కట్టాయి, బొచ్చు మెరిసింది. అయితే కొన్ని వారాలకు మెడ, చెవుల వెనుక భాగం రక్తం వచ్చేటట్టు గోక్కోసాగింది. పేలు లేవు, గజ్జి లేదు. తిండిలో ఏదో పడటం లేదేమోనని వైద్యులు అనుమానించారు. పిల్లులకు ఎక్కువగా పడనివాటిలో గొడ్డుమాంసం, చేప, కోడిమాంసం ముఖ్యమైనవట. ఎనిమిది వారాల పాటు ఒకే ఒక రకం మాంసం పెట్టి, మరేదీ నోటికి అందకుండా చూడమన్నారు. అంతవరకు చుక్క కోడిమాంసం తిన్నది చాలా తక్కువ గనుక దానినే ఎంచుకున్నాము. ఎనిమిది వారాలు పిల్లికి కాపలా కాయడం ఎనిమిది వారాలు పరీక్షలకు పర్యవేక్షణ చేయడం కంటె కష్టం. ఆరవ వారానికి పుండ్లు మానాయి. గడువు ముగిశాక నిర్ధారణకోసం ఒక్క చేపముక్క పెట్టి చూశాము. మూడోనాటికి మళ్ళీ గోకుడు మొదలయింది. దానితో దోషి ఎవరో తేలిపోయింది. ఊహతో కాక పరీక్షతో తెలుసుకున్న సత్యం గనుక ఇక సందేహం లేకపోయింది.

వట్టి కోడిమాంసం కూడా సంపూర్ణాహారం కాదని వైద్యులు హెచ్చరించారు. అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో, కాలేయంతో సహా తింటుంది. కండ మాత్రమే పెడితే సున్నం చాలదు. అందుచేత పిల్లుల కోసం తయారు చేసిన పొట్లపు ఆహారాన్ని ప్రధానంగా ఉంచి, ఉడికించిన కోడిమాంసం కొద్దిగా కలపమన్నారు. ఆ పొట్లం కోసం ఖమ్మం వెళ్ళినప్పుడు దాని మీది అక్షరాలు చదవడం నేర్చుకున్నాను. బొమ్మలో నిగనిగలాడే పిల్లి మనకు పనికిరాదు. అది సంపూర్ణ సమతులాహారమా, అప్పుడప్పుడు పెట్టే చిరుతిండా, కూనలకా, పెద్దపిల్లులకా అన్నది చూడాలి. దినుసులను బరువు ప్రకారం వరుసగా రాస్తారు గనుక మొదట మాంసం ఉందో, ధాన్యం ఉందో చూడాలి. చుక్క వంటి సున్నితమైన ప్రాణికైతే అందులో చేప కలిసిందో లేదో చివరి వరుస దాకా చదవాలి. కుక్కలకు చేసినది చౌకగా వస్తుందని పిల్లికి పెట్టకూడదు. పిల్లికి కావలసిన టారిన్ అందులో ఉంటుందన్న భరోసా లేదు.

కొత్త తిండిని ఒక్కసారిగా మార్చరాదని కూడా అప్పుడే తెలుసుకున్నాము. పాతదానిలో పిసరంత కొత్తది కలిపి, వారం పదిరోజులలో పాలు మార్చుకుంటూ పోవాలి. పిల్లి నాలుకకు రుచి తక్కువ, ముక్కుకు వాసన ఎక్కువ. అప్పుడే చంపిన ఎలుక ఎంత వెచ్చగా ఉంటుందో తిండి అంత వెచ్చగా ఉంటే దానికి ఇంపు. రోజుకు రెండు పూటలు కడుపునిండా పెట్టడం మన అలవాటు. కొద్దికొద్దిగా పలుమార్లు తినడం దాని అలవాటు. మీసాలు తగిలే లోతుగిన్నె కంటె వెడల్పు మూకుడును చుక్క ఇష్టపడింది. నీటికుండను తిండికి దూరంగా పెడితే ఎక్కువగా తాగింది. ఎండునేలల సంతతి గనుక పిల్లికి దాహం తక్కువ. తినే ఎలుకలోని నీరే దానికి ఆధారం. 45 డిగ్రీలు కూడా దాటే మా వేసవిలో వట్టి పొడితిండి పెట్టి నీటిని మరచిపోతే మూత్రవ్యాధులు వస్తాయి. మగపిల్లులకైతే మూత్రం బిగిసి ప్రాణం మీదికి వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన మన కూర పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఉడికించిన ఎముక పెళుసై పేగులను చీలుస్తుంది. ఉప్పుచేప దానికి విందు కాదు. జ్వరానికి మనం వేసుకునే పారసెటమాల్ బిళ్ళ దానికి విషం.

ఇన్ని తెలిసినవాడిని నేనే తెనాలి రామకృష్ణుడి పని చేశాను. ఒకసారి నులిపురుగుల బిళ్ళను పొడిచేసి, చుక్క తినే పొట్లపు ఆహారంలో కలిపాను. నోట వేసి నురగ కక్కింది. ఆ తరువాత ఆ ఆహారాన్ని నెలరోజులు ముట్టలేదు. అది పెట్టిన స్టీలుగిన్నె చప్పుడు వింటేనే మంచం కిందికి దూరేది. రామకృష్ణుడు తెలిసి చేశాడు, నేను తెలిసీ తెలియక చేశాను. పిల్లికి మాత్రం ఆ తేడా తెలియదు. అమ్మ ఒక పాత మట్టిమూకుడు తీసి, మరో రకం తిండి అందులో పెట్టించాక గాని అది మళ్ళీ మా మీద నమ్మకం ఉంచలేదు.

అడవి అంచున ఉన్న ఇంటికి మరొక బాధ్యత కూడా ఉంది. మా వైపు తుప్పల్లో బావురుపిల్లి తిరుగుతుంది. పిట్టలు, తొండలు, అడవి ఎలుకలు దాని బతుకుతెరువు. ఇంటిపిల్లి వేటకు పోతే ఆ తిండికి పోటీ అవుతుంది. ఇంటి రోగాలను అడవికి, అడవి రోగాలను ఇంటికి మోస్తుంది. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశోధనలో, మాంసకృత్తులు మెండుగా ఉన్న ఆహారం తిన్న పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గిందనీ, రోజూ కొద్ది నిమిషాలు వాటితో ఆడితే 25 శాతం తగ్గిందనీ తేలింది. చుక్క విషయంలో నేను లెక్కలు కట్టలేదు. కడుపు సరిగా నిండిన తరువాత అది అరుగు మీద ఈకలు తెచ్చి పడేయడం అరుదైపోయింది. టీకాలు వేయించాము. చీకటిపడితే లోపలే ఉంచాము.

2022 జూలై వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరిన కథను ఊరిలోని పెద్దలు ఎప్పుడూ చెబుతుంటారు. ఈసారి మూడవ హెచ్చరిక దాటాక కూడా నీరు ఆగలేదు. వంతెన మీద రాకపోకలు నిలిపివేశారు. లోతట్టు కాలనీలను ఖాళీ చేయించారు. అమ్మ రాములవారి పటం, నేను ధ్రువపత్రాల సంచి పట్టుకున్నాము. చుక్కను గంపలో పెట్టి పైన మరో గంప బోర్లించి తాడుతో కట్టాము. పునరావాసం కల్పించిన ఒక బడిగదిలోకి చేరాక చూసుకుంటే చుక్క తిండి పొట్లం, మట్టిమూకుడు ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆ గదిలో ఎనిమిది కుటుంబాలు. పిల్లల ఏడుపు, బయట కుక్కల అరుపులు, రేకుల మీద వాన చప్పుడు. చుక్క మూలనున్న బల్ల కిందికి పోయి గోడకు అతుక్కుంది. సాంబారన్నం వాసన చూడలేదు. ఎవరో దయతలచి ఇచ్చిన పాలు ముట్టలేదు. ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. ఆకలేస్తే అదే తింటుందిలే అని పక్కవారు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. 16వ తేదీ తెల్లవారుజామున నీరు 71.3 అడుగులకు చేరిందని తెలిసింది. అప్పటికి చుక్క తిని మూడు రోజులు. పిలిస్తే కళ్ళు తెరవడం కూడా మానేసింది.

ఫోనులో మిగిలిన కాస్త ఛార్జింగుతో వైద్యుని పిలిచాను. ఆయన వంతెనకు ఆవలి ఒడ్డున ఉన్నారు. "ఆకలేస్తే తింటుందన్న మాట పిల్లి విషయంలో నమ్మకండి మాస్టారూ. బాగా తిని బలిసిన పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరుతుంది. కామెర్లు వస్తాయి. అంతదాకా పోతే నిలబెట్టడం కష్టం. వాసన గట్టిగా ఉండేది ఏదైనా వెచ్చగా పెట్టండి. చేపైనా సరే. దురద సంగతి తరువాత చూద్దాం, ముందు మెతుకు దిగాలి" అన్నారు.

అదే బడి వరండాలో బెస్తవారి కుటుంబం ఒకటి ఉంది. సంగతి చెప్పగానే ఆ ఇల్లాలు ఉప్పు, కారం వేయకుండా చిన్నచేపలు నాలుగు డబ్బాలో ఉడికించి ఇచ్చింది. బల్ల కింద చేయి పెట్టి పిలిచాను. నా చేయి చూసి చుక్క మరింత ముడుచుకుంది. బిళ్ళ కలిపిన చేయి అదే గదా అనిపించి సిగ్గుపడ్డాను.

అమ్మ లేచింది. తన పాత చీర మడతపెట్టి గంపలో పరిచి, గంపను పక్కకు ఒరిగించి గుహలాగా చేసింది. చుక్కను మెల్లగా అందులోకి చేర్చి, మనుషులు కనబడకుండా ముందు తాను కూర్చుంది. ఆ పైన నా చేతిలోని డబ్బా అందుకుంది. డెబ్బై ఏళ్ళలో నీసు ముట్టని ఆ వేళ్ళు చేపను విప్పి ఒక్కొక్క ముల్లూ ఏరి పక్కన పెట్టాయి. ముద్దను మణికట్టుకు ఆనించి వేడి చూసుకుంది. పసిపిల్లలకు పాలు పట్టేటప్పుడు ఆమె అలాగే చూసేదని నాకు గుర్తు.

"శబరి పండు కొరికి చూసి రాముడికి పెట్టిందంటారు. నేను కొరికి చూడలేను తల్లీ. వేడి మాత్రం చూశాను, తిను" అని మెల్లగా అంది.

చుక్క తినలేదు. అమ్మ ఆ మెత్తని చేపను కాస్త దాని ముందరికాలికి రాసింది. కాలికి ఏదైనా అంటితే పిల్లి నాకి శుభ్రం చేసుకోకుండా ఉండలేదు. చుక్క కాలు నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. అమ్మ రెండవసారి రాసింది. మూడవసారి చుక్క మెడ చాచి ఆమె వేళ్ళ నుంచే తీసుకుంది. మొత్తం మీద అది తిన్నది ఉసిరికాయంత. అప్పటికి తెల్లగా వెలుతురు వచ్చింది.

స్నానం చేస్తావా అమ్మా, నీళ్ళు తోడనా అని అడిగాను. "తరువాత. గంట ఆగి ఇంకో ముద్ద పెట్టాలి" అంది.

నీరు తగ్గాక ఇంటికి చేరాము. ఇల్లంతా బురద. పెరట్లో పొయ్యి ఆనవాలు కూడా లేదు. మట్టిమూకుడు మాత్రం అటక మీద క్షేమంగా ఉంది. చుక్క పదిరోజులు మెడ గోక్కుంది. తరువాత మెల్లగా తన పాత తిండికి వచ్చింది.

ప్రేమతో పెట్టిన తిండి ఎవరికైనా పడుతుందని మనం అనుకుంటాము. మనకు ఏది రుచి, ఏది పవిత్రం, ఏది సులభం అన్న లెక్కతో పెడతాము. తిననివారిని పేచీకోరులంటాము. తినేవారి పళ్ళు, పొట్ట, భయం, జ్ఞాపకం ఎటువంటివో తెలుసుకుని పెట్టడం మరొక పద్ధతి. అందుకు మన ఇష్టాలను కొంతసేపు పక్కన పెట్టవలసి వస్తుంది. అమ్మ తన నియమాన్ని వదులుకోలేదు. నేటికీ మా వంటగదిలోకి ఆ గిన్నె రాదు. ఆ ఒక్క ఉదయం తన నియమం కంటె దాని ఆకలి ముందు నిలిచిందని మాత్రం ఆమె గుర్తించింది. తరగతిగదిలో ఏదైనా పాఠం కొందరు పిల్లలకు ఎక్కనప్పుడు, వారిని తప్పుపట్టే ముందు నాకు ఆ బల్ల కింది పిల్లి గుర్తుకు వస్తుంది.

ఆ ఏడు సీతాఫలాలు వచ్చే వేళకు కోయ ఆడపడుచు మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చింది. అరుగు మీద ఎండకు ఒళ్ళు విరుచుకుంటున్న చుక్కను చూసి ఆశ్చర్యపోయింది.

"నీసు ముట్టని ఇంట్ల ఇంత గనం ఎట్ల పెరిగిందమ్మా ఇది?" అంది.

అమ్మ సీతాఫలాలు ఏరుకుంటూ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "నువ్వు ఆనాడే చెప్పావు. వినడానికి నాకు కొంతకాలం పట్టింది" అంది.